ఆరో పూస

“పెరుగు గిన్నె తీసేశావా?” అని అత్తగారు తన గదిలోంచే అడిగారు. తీసేశానన్నాను. “పాలు?” అవీ తీసేశాను. “ఆ మాయదారి ఎముకలు ఎంత చుట్టి పెట్టినా నాకు వాసన తగులుతూనే ఉంటుంది. ఫ్రిజ్జు అన్నాక తినేవి పెట్టుకుంటారు గానీ...” ఆ వాక్యం ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. మిగతాది నేను పూరించుకోవాలి. పూరించుకోవడం మానేసి చాలాకాలమైంది. ఫ్రీజర్లోంచి గొర్రె వెన్నెముకలు ఒక్కొక్కటే తీసి, కవరు ఎక్కడైనా చిరిగిందేమో చూసి, ఖాళీ చేసిన కింది అరలో పక్కపక్కన పడుకోబెట్టాను. అక్కడుంటే తెల్లారేసరికి మెత్తబడతాయి. బయట పెడితే కండ రంగు మారుతుంది, నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది. మర్నాడు డాక్టర్లు చెయ్యి వేసినప్పుడు అది ఇంకా బతికున్న ఒళ్ళులాగే అనిపించాలి. అలా అనిపించేట్టు చూడటం నా పని. దీన్ని ఎవరూ పని అనరు. “ఆ ఎముకల సంగతి మా ఆవిడ చూసుకుంటుంది” అంటారు మా ఆయన.

మా ఆయన వెన్నెముక సర్జన్. పెద్ద కోత లేకుండా, పెన్సిలంత గొట్టాన్ని వీపులోకి దింపి, దాని కొసనున్న కెమెరాలో చూస్తూ చేసే ఆపరేషన్లలో ఆయనకు పేరుంది. వాటిని నేర్చుకోవాలనుకునే కుర్ర డాక్టర్ల కోసం ఆసుపత్రి వెనక భాగంలో శిక్షణ కేంద్రం పెట్టారు. నేర్చుకునే చెయ్యి మొదటిసారే మనిషి వీపు మీద పడకూడదు కదా. అందుకని గొర్రె. దాని నడుములోనూ పూసల మధ్య అదే పచ్చటి పొర ఉంటుంది, దాని కింద నరాలను చుట్టుకుని అదే పల్చటి సంచి ఉంటుంది. ఎముకను డ్రిల్లుతో కొద్దికొద్దిగా అరగదీసి, ఆ పొర తీసి, సంచికి గీత కూడా పడకుండా బయటికి రావాలి. పొరపాటు జరిగితే గొర్రెకు కొత్తగా పోయేదేమీ లేదు. మనిషికైతే కాలు పడిపోవచ్చు.

వెన్నెముకలు దొరకడం తేలికే అనుకుంటారు అందరూ. మాంసం కొట్లో గొర్రెలకు కొదవా? కానీ కొట్టతని అలవాటు వేరు. వేలాడదీసిన గొర్రెను మొట్టమొదట వెన్ను మధ్యలోంచి రంపంతో నిలువునా రెండుగా చీలుస్తాడు. ఇక ఆ సంచీ నరాలూ అటు సగం, ఇటు సగం. మొదటిసారి మా ఆయన ఫోన్ చేసి ఎనిమిది వెన్నెముకలు పంపమంటే, అతను పదహారు సగాలు శుభ్రంగా కడిగి మరీ పంపాడు. ఆ కోపమంతా నా మీదికి వచ్చింది. “ఇంత చిన్న విషయం కూడా నువ్వు చూసుకోలేవా?” అన్నారు. అప్పట్నుంచి నేనే చూసుకుంటున్నాను. కొట్టుకు వెళ్ళి, రంపం ఎక్కడ ఆపాలో, చివరి పక్కటెముక దగ్గర ఎలా కొయ్యాలో, పైన కండ ఎంత వదలాలో చూపించాను. “నా బతుకంతా దీన్ని చీల్చే బతికానమ్మా, చీల్చకుండా ఇమ్మంటే చెయ్యి ఆగట్లేదు” అని మొదట్లో గొణిగాడు. ఇప్పుడు మా వెన్నెముకలంటే అతనికి ఎక్కడలేని గర్వం. నేను వెళ్ళినప్పుడల్లా, “పోయినసారి వచ్చినవాళ్ళలో ఎవరి చెయ్యి బాగుందమ్మా?” అని అడుగుతాడు. నేను ఎవరో ఒకరి గురించి చెప్తాను. ఎడంచేతి వాటం ఉన్న అబ్బాయిదని ఒకసారి చెప్తే, “నాదీ ఎడంచేతి వాటమే!” అని రంపం ఎత్తి చూపించాడు. డాక్టరుగారంటే అతని లెక్కలో మా ఆయన. నేను అమ్మను, అంటే డాక్టరుగారి భార్యను. నేను దిద్దలేదు. అందులో అబద్ధం కూడా లేదు.

నేనూ సర్జన్నే. ఆయనా నేనూ ఒకే బ్యాచ్, ఒకే ఆపరేషన్ బల్లకు అటూ ఇటూ నిలబడి నేర్చుకున్నాం. అప్పుడు ఆయన్ని నువ్వు అనేదాన్ని. మాకు నేర్పిన ప్రొఫెసరు నాది తొందర లేని చెయ్యి అనేవారు. మా ఆయన చెయ్యి గురించి ఆ ప్రొఫెసరు ఏమనేవారో మా ఇంట్లో గుర్తు చెయ్యకూడదు. పెళ్ళయ్యాక అత్తగారి ముందు మీరు అన్నాను. అత్తగారు మాతోనే ఉండిపోయారు, ఆ మీరు కూడా ఉండిపోయింది. పాప పుట్టింది. వెంటనే మామగారు మంచం పట్టారు. “ఒక్క రెండేళ్ళు ఆగు” అన్నారు మా ఆయన. “ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవమ్మా” అన్నారు అత్తగారు, నిజంగా నా మంచి కోరే గొంతుతోనే. మామగారు పోయారు. పాప ఇప్పుడు నా భుజం దాటింది. ఆ రెండేళ్ళు మాత్రం ఇంకా గడవలేదు. మళ్ళీ చేరతానని అప్పుడప్పుడూ అడుగుతూనే ఉన్నాను. పోయిన ఏడాది కూడా అడిగాను. “ఇన్నేళ్ళు చెయ్యి పెట్టకుండా ఇప్పుడు రోగి మీద ఎలా పెడతావు? నువ్వే చెప్పు” అన్నారు. సరైన ప్రశ్నే, ఎవరైనా అదే అడుగుతారు. నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. అంతకుముందు అవి వచ్చేవి. ఎప్పుడు మానేశాయో నాకే తెలియదు. కారే కుళాయి తనంతట తను ఆగిపోతే ఎవరు గమనిస్తారు? కుక్కిన పేనులా ఉంటానని మా అక్క తిడుతుంది. ఆవిడ తిట్టినా ఏమీ అనిపించదు. పొద్దున్నే లేస్తాను, అందరికీ కావలసినవి అమరుస్తాను, కోర్సు ఉన్న రోజుల్లో గొర్రెలకు కావలసినవి అమరుస్తాను. చివరిరోజు అందరూ వరసగా నిలబడి ఫోటో దిగుతారు. తీసేది నేను.

గొర్రెతో ఒక తిరకాసుంది. మనిషి నడుములో ఐదు పూసలుంటాయి, గొర్రెకు మామూలుగా ఆరు. కుర్ర డాక్టర్లు చేసే తప్పు ఎప్పుడూ ఇక్కడే. మనిషి లెక్క బుర్రలో పెట్టుకుని పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఐదోది రాగానే ఇదే ఆఖరుదని గొట్టం దింపేస్తారు. ఒక పూస ఎగువన చేసి, బ్రహ్మాండంగా చేశామని పొంగిపోతారు. అందుకే మా ఆయన మొదటి క్లాసులోనే చెప్తారు. “కిందనుంచి లెక్కపెట్టండి. ఐదు అవగానే ఆగండి. పైన ఇంకోటి కనిపిస్తుంది, దాన్ని పట్టించుకోకండి. అది ఉంటుంది గానీ మన లెక్కలోకి రాదు.” ఆయన దీన్ని జోకులా చెప్తారు కాబట్టి ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వుతారు.

ఆ ఆరో పూస నాది. అందరూ వెళ్ళిపోయాక బల్లలు తుడవడం, పరికరాలు కడగడం, వాడిన వెన్నెముకలను మూటగట్టి పారేయడం నా వంతు. మొదట్లో అంతవరకే చేసేదాన్ని. ఒకసారి ఎవరో మానిటర్ ఆపకుండా వెళ్ళిపోయారు. గొట్టం ఇంకా గొర్రెలోనే ఉంది. ఆపుదామని వెళ్ళి కూర్చున్నాను. పైన ఎవరూ ముట్టని పూస ఒకటి మిగిలి ఉంది. గ్లవ్స్ ఎలాగూ వేసుకునే ఉన్నాను. ఆ రోజు సంచి చిరిగింది. తర్వాతి కోర్సులోనూ చిరిగింది. ఆ తర్వాత ఎప్పుడో చిరగడం మానేసింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఎన్ని చేశానో లెక్కపెట్టుకోలేదు. ఆ కాసేపు నాకు ఎలా ఉండేదో చెప్పమంటే చెప్పలేను. సంతోషమని అనలేను. చేతులకు తర్వాత ఏం చెయ్యాలో తెలుస్తూ ఉండేది, అంతే. ఇంటికి వెళ్ళగానే, “ఎముకలు కడగడానికి ఇంతసేపా?” అనేవారు అత్తగారు. అవునత్తయ్యా, జిడ్డు వదలదు, అనేదాన్ని.

ఈసారి కోర్సుకు బయటినుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఇలాంటి ఆపరేషన్లలో తలపండినవారు, ఒక పెద్ద ఆసుపత్రిలో సొంత విభాగం నడుపుతున్నారు. ఆయన వస్తున్నారని తెలిసినప్పట్నుంచీ మా ఆయనకు కాలు ఒకచోట నిలవలేదు. “నువ్వు టీ దగ్గర ఉండు చాలు. ఊరికే లోపలికీ బయటికీ తిరక్కు” అన్నారు నాతో. మొదటిరోజు డాక్టర్లు ఆపరేషన్లు ముగించాక పెద్దాయన ఉపన్యాసం మొదలైంది. అందరూ పక్క హాల్లోకి వెళ్ళారు. టీకి ఇంకా టైముంది. ఉపన్యాసం అయ్యాక వెన్నెముకలను పరీక్షిస్తారని తెలుసు. కానీ ఎవరు పరీక్షించినా కిందున్న ఐదింటినే కదా, పైదాని జోలికి ఎవరొస్తారు? తలుపు దగ్గరగా వేసి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. గోడ అవతల పెద్దాయన గొంతు, మధ్యమధ్యలో నవ్వులు. డ్రిల్లు చప్పుడు ఆ నవ్వుల్లో కలిసిపోయింది. ఎముక పల్చబడింది, పచ్చటి పొర బయటపడింది. దాన్ని అంచునుంచి లేపి తీశాక సంచి తెల్లగా, నిండుగా, ఎక్కడా నలగకుండా కనిపించింది. ఇంకాసేపు చూడాలనిపించింది. లేచి చేతులు కడుక్కుని టీ పెట్టాను.

పెద్దాయన పరీక్ష వేరుగా ఉంది. ఊరికే చూసి వదిలిపెట్టే మనిషి కాదాయన. సిరంజితో నీలం రంగు నీళ్ళు తెప్పించి, వెన్నెముక పైకొస నుంచి సంచిలోకి నెమ్మదిగా ఎక్కించడం మొదలుపెట్టారు. ఎక్కడ చిరిగితే అక్కడ నీలం బయటికొచ్చేస్తుంది. ఒక్కో బల్ల దగ్గరా నీలం చుక్కలు ఊరుతుంటే కుర్ర డాక్టర్లు నాలుక కరుచుకుంటున్నారు, ఒకరినొకరు ఏడిపించుకుంటున్నారు. నేను టీ ట్రే పట్టుకుని గోడవారగా నిలబడ్డాను. కిటికీ పక్క బల్ల దగ్గరికి వచ్చారు. నీళ్ళు పైనుంచి వెళ్తాయి కాబట్టి మొట్టమొదట నేను తెరిచిన చోటుకే వెళ్తాయని నాకు అప్పుడు తట్టింది.

ఆయన చెయ్యి ఆగింది. “ఇదేంటి, పైన కూడా చేశారు? ఇది చెయ్యమని ఎవరన్నారు?” అని వంగారు. నేను తెరిచిన చోట సంచి నీలంగా ఉబ్బి అలాగే నిలబడి ఉంది. ఒక్క చుక్క బయటికి రాలేదు. ఆ బల్ల దగ్గర చేసిన కుర్ర డాక్టరు, “నేను కాదు సార్, ఒట్టు!” అన్నాడు, దొంగతనం అంటగట్టినట్టు. “మరెవరయ్యా? ఈ అంచులు చూడండి, అందరూ ఇలా రండి. ఎక్కడా తొందర లేదు” అన్నారు పెద్దాయన.

నా చేతుల్లో ట్రే కదిలి కప్పు మీద కప్పు చప్పుడైంది. మా ఆయన ఆ చప్పుడుకు తలెత్తి నావైపు చూశారు. తర్వాత పెద్దాయన వైపు తిరిగి నవ్వారు. “నేనే సార్. పొద్దున్న క్లాసుకు ముందు ఊరికే ఒకటి చేసి చూశాను” అన్నారు.

చప్పట్లు కొట్టారు. పెద్దాయన ఆయన భుజం తట్టి, “మీరే అయితే ఇంక చెప్పేదేముంది! మీ దగ్గర నేర్చుకునేవాళ్ళలో ఎవరో అనుకున్నాను. వాళ్ళే అయితే నాకిచ్చెయ్యండి అని అడిగేవాణ్ణి. మా విభాగంలో ఒక చోటు ఖాళీగా ఉంది. ఎక్కడ చదివారు, ఎన్నాళ్ళు పనిచేశారు, అవేవీ అడగను నేను. నా ఎదురుగా ఒకటి చేసి చూపిస్తే చాలు” అన్నారు. మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నారు. పెద్దాయన నావైపు చెయ్యి చాపి, “ఒక టీ ఇలా ఇవ్వమ్మా” అన్నారు. ఇచ్చాను. చక్కెర సరిపోయిందా అని అడిగాను కూడా.

కారులో మా ఆయన తేలు కుట్టిన దొంగలా ఉన్నారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, “టీ బాగుందన్నారు అందరూ” అన్నారు.

“అది నువ్వు చెయ్యలేదు” అన్నాను.

ఆయన ఉలిక్కిపడ్డారు. అన్న మాటకు కాదు, ఇన్నేళ్ళ తర్వాత నువ్వు అన్నందుకు. కొంతదూరం పోయాక, “నువ్వు చేశావని తెలుసులే” అన్నారు. “ఇవాళ తెలియడం కాదు. ఆ మానిటర్లో అంతా రికార్డవుతుంది. రెండుమూడేళ్ళ నుంచీ చూస్తూనే ఉన్నాను. బానే చేస్తావు. పాపం ఏదో కాలక్షేపం, పోనీలే అని ఊరుకున్నాను. ఇంకొకళ్ళయితే పరికరాలు ముట్టుకోనిస్తారా చెప్పు?”

“మరి పెద్దాయన అడిగినప్పుడు...”

“ఏం చెప్పమంటావు? మా ఆవిడ టీ కాస్తూ మధ్యలో వచ్చి చేసిపోయిందని చెప్పనా? కోర్సు పరువేం కావాలి? అయినా మనలో మనకు నీదేంటి, నాదేంటి?”

నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. దుకాణాలు పోతున్నాయి, స్తంభాలు పోతున్నాయి. ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళు చెయ్యి పెట్టకుండా ఎలా పెడతావని పోయిన ఏడాది నన్నడిగినప్పటికే ఆ రికార్డింగులు చూసి ఉన్నారు. జవాబు చేతిలో పెట్టుకుని నన్ను ప్రశ్న అడిగారు. నేనేమో సరైన ప్రశ్నే అనుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ రోజు ఏం వండానో కూడా గుర్తుంది.

భోజనాల దగ్గర పాప, “నాన్నా, ఎలా జరిగింది?” అని అడిగింది. “మీ నాన్న చెయ్యి చూసి పెద్దాయన ముచ్చటపడిపోయారు!” అన్నారాయన. అక్కడ పెద్దాయన లేరు, కోర్సు లేదు, కాపాడుకోవలసిన పరువూ లేదు. ఆయనకు ఆ అబద్ధం అప్పుడే నిజమైపోయింది. “వాడి చెయ్యి చిన్నప్పట్నుంచీ అంతే. పెట్టిపుట్టాలి” అన్నారు అత్తగారు. పాప నావైపు చూసి, “అమ్మా, నీళ్ళు” అంది. పోశాను. పోస్తుంటే లోపల ఏదో మొదలైంది. ఇదేంటా అనుకున్నాను. బాధ. చాలాకాలం తర్వాత వచ్చింది కాబట్టి గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది. నాకు చాలా బాధగా ఉంది. గిన్నెలు తోమి, బోర్లించి, చేతులు తుడుచుకుని వాటివైపు చూసుకున్నాను. వాటికి మాత్రం వణుకు లేదు.

రెండోరోజుకు కావలసిన వెన్నెముకలు ఫ్రీజర్లో పట్టవు. పొద్దున్నే వెళ్ళి కొట్టు నుంచి నేరుగా తేవాలి. బయల్దేరుతుంటే అత్తగారు, “వాడికి కాఫీ కలిపి వెళ్ళు” అన్నారు. “ఆయన లేచి కలుపుకుంటారు అత్తయ్యా, మీక్కూడా ఇవ్వమనండి” అన్నాను. ఆవిడ ఏమన్నారో వినకుండా తలుపు వేసేశాను.

కొట్టతను నన్ను చూడగానే గోనెసంచి దులిపాడు. కోసిన వెన్నెముకలు కడిగి, బల్ల మీద వరసగా పెట్టి ఉంచాడు.

“ఎనిమిదేగా అమ్మా?”

“తొమ్మిది.”

“మీ బల్లలు ఎనిమిదేగా? తొమ్మిదోది ఎవరికి?”

“ఇంకో డాక్టరు చేస్తుంది.”

“ఆడ డాక్టరా? మరి ఎక్కడ కూర్చోబెడతారు?”

“బయటినుంచి ఒక పెద్ద డాక్టరు వచ్చారు. ఆయన ఎదురుగా. ఆయన చూస్తుండగానే చెయ్యాలి.”

“అమ్మో! మన డాక్టరుగారు ఒప్పుకున్నారా?”

“అడగలేదు.”

అతను సంచి కింద పెట్టాడు. అడగబోయేదేమిటో నాకు ముందే తెలుసు. “ఎలా ఉంటుందమ్మా ఆమె చెయ్యి?”

“బాగుంటుంది” అన్నాను. బల్లకు దగ్గరగా జరిగి, “నాదే” అన్నాను.

అతను నా మొహంలోకి చూశాడు, తర్వాత నా చేతులవంక చూశాడు. అలా చూడటం అతనికి వృత్తిలోనే వచ్చి ఉంటుంది. బల్ల మీద కోసి ఉంచినవాటిలోంచి ఒకటి తీస్తాడనుకున్నాను. తియ్యలేదు. లోపలికెళ్ళి, ఇంకా చీల్చని గొర్రెను కొత్తగా ఒకటి దింపుకొచ్చి తగిలించాడు. రంపం గుడ్డతో తుడిచి ఎడంచేత్తో పట్టుకున్నాడు.

“ఎక్కడిదాకా కొయ్యమంటారు, డాక్టరుగారూ?”

“చివరి పక్కటెముక దాకా” అన్నాను. “ఆరు పూసలూ రావాలి.”